ఎరుపు వేసిన చెయ్యి

"గీ ఎరుపు ఏసినామె చేతికి తొందరున్నది బేటా. చూడు, ముక్కు మీద పెట్టాల్సిన రంగు చెంప దాక పారింది. పొయ్యి మీద అన్నం పెట్టొచ్చి కూసున్నట్టున్నది పాపం."

అజీమున్నీసా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పట్టుకుంది. దూరం చూపు తగ్గిందే గాని దగ్గరి చూపు ఇంకా సూదిలాగే ఉంది. ఎదురుగా పీట మీద కూర్చున్న భానుప్రసాద్ ముందుకు వంగాడు.

"ఏసింది ఆడామె అని ఎట్ల తెల్సింది ఖాలా?"

"తెల్వకేంది? గా కోటు మడతల దిక్కు చూడు. నీడ పడ్డ కాడ రంగే ఎయ్యలే. ఎట్లయిన నల్లగనే ఉంటదని ఇడ్శిపెట్టింది. మొగోనికి గా అకల్ యాడిది? వాడైతే గిన్నెల ఉన్న రంగంత ఒక్క బొమ్మకే పోస్తడు."

భానుప్రసాద్ పకపకా నవ్వి, నవ్వు ఆపుకొని, "నిజమే ఖాలా. ఆడోల్లే ఏసిండ్రంట" అన్నాడు.

బాన్సువాడలో అతన్ని మోటారు భాను అంటారు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి ప్రాణం పోయడం అతని పని. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. చుట్టిన తీగకు వార్నిష్ పూసి ఆరబెట్టాక ఇక చేసేదేమీ ఉండదు కదా, ఆ ఖాళీలో ఫోన్ తెరిచి ఏదో ఒకటి చదువుతూ కూర్చుంటాడు. అట్లా చదువుతుండగానే ఒకసారి రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మల సంగతి కనబడింది. రాగి అనేసరికి ఆగి చూశాడట. రెండు వందల ఏళ్లకు పైబడిన ముచ్చట. ఇంగ్లండులో ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థులను వెక్కిరిస్తూ బొమ్మలు గీసి, అచ్చువేసి, దుకాణాల్లో అమ్మేవాళ్లు. అచ్చు నల్లగానే పడేది. రంగు మాత్రం తర్వాత ఒక్కో కాగితానికీ చేత్తో వేసేవాళ్లు. గీసినవాడి పేరు కింద మూలన ఉంటుంది. అమ్మినవాడి పేరూ ఉంటుంది. రంగు వేసినవాళ్ల పేర్లు వెతికినా దొరకలేదని భానుప్రసాద్‌కు బాధ.

"గీ బొమ్మల్ల ఏం జరుగుతుందో చెప్పు ముందు" అంది అజీమున్నీసా.

అతను వేలు పెట్టి చూపించాడు. పొడుగు బల్ల, దాని నిండా మాంసం, పక్కన సారా పీపాలు. పొట్ట బటన్లు తెగిపోయేంత తిన్నవాడొకడు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అభ్యర్థి మాత్రం చిరునవ్వు చెరగనివ్వకుండా, కంపుకొట్టే ఒక ముసలాడి కౌగిట్లో ఇరుక్కుని ఉన్నాడు. ఇంకో కాగితంలో పట్టుగౌను తొడుక్కున్న దొరసాని ఒకామె కసాయివాడి చెంప మీద ముద్దు పెడుతోంది.

"ఆమె ఏంది?"

"ఓటు అడుగుతుంది ఖాలా. మనోనికి ఓటెయ్యి, ముద్దు పెడ్త అని."

"కసాయోనికా? ఓటు కోసమా? తౌబా తౌబా!" అజీమున్నీసా దగ్గొచ్చేదాకా నవ్వింది. "మా దిక్కు గింత దాక రాలేదు. బిర్యానీ కాన్నే ఆగింది."

"ఇంకో మాట ఇను. అప్పుడు ఓటు చాటుకు ఏసుడు లేదంట. అందరి ముందట నిలవడి, నా ఓటు పలానాయనకు అని ఒర్రాలె."

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. "మరి ఎవ్వని చేన్ల పనిజేస్తే వానికే చెప్తరు గద. ఇగ గాదానికి బొమ్మలెందుకు?" అని, మళ్లీ తనే, "అందుకేనేమో బొమ్మలు. నోటితోని అననీయకపోతే కాగితం మీద అన్నరు" అంది.

"ఇవన్నీ మాధురక్క దగ్గరే కలర్ ప్రింట్ తీయించిన ఖాలా. ఆమెనే నీ దగ్గరికి పొమ్మన్నది. మా నాయన ప్రెస్సుల రంగులు ఏసినామె ఉన్నది, పోయి అడుగుమన్నది."

మాధురి పేరు వినగానే అజీమున్నీసా చేతిలోని కాగితం ఒళ్లోకి దిగిపోయింది.

పది రోజుల కిందటి సంగతి. బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం నడుపుకునే మాధురి ఒక పెళ్లికి వెళ్లింది. భోజనాల దగ్గర, పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి ఉండగా, దేవిదాస్ పటేల్ ఆమెను గుర్తుపట్టాడు. బీర్కూర్ అవతలి ఊరు ఆయనది. ఎనభై దాటినవాడు, చెవుడు వల్ల గొంతు పెద్దది. "గీమె నాయననే గదా, చందూలాల్! నా ఎలక్షన్ బొమ్మ పని పట్టి, రైసుమిల్లోనికి అమ్ముడువోయిండు. నా ఊర్లె నన్ను నవ్వులపాలు జేసిండు. ముప్పై ఏండ్లయినా మర్వలే నేను!" అన్నాడు. వరుసలో ఉన్న వాళ్లందరూ తిరిగి చూశారు. మాధురి పళ్లెం అక్కడే పెట్టి తినకుండా వచ్చేసింది. తెల్లారి నేరుగా అజీమున్నీసా దగ్గరికొచ్చింది.

"ఖాలా, నువ్వు నాయన కాడ పనిజేసినవ్. నిజం జెప్పు. అమ్ముడువోయిండా?"

"లేదు బిడ్డా. ఖుదా కసమ్, లేదు."

"మరి గా బొమ్మ అట్లెట్ల వచ్చింది?"

చాయ్ పెడతానని అజీమున్నీసా పొయ్యి దగ్గరికి లేచిపోయింది. చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ అది లోపలే ఉండిపోయింది. చందూలాల్ పోయి నాలుగేళ్లు. పటేల్‌కు ఇంకెన్నాళ్లుందో తెలియదు. ఆయన ఆ మాట మీదే కన్నుమూస్తే చందూలాల్ పేరు అట్లాగే మిగిలిపోతుంది.

"మాధురి బాగున్నదా?" అని అడిగింది.

"బాగనే ఉన్నది గని, మునుపటి లెక్క నవ్వుతలేదు. నువ్వు గా ప్రెస్సుల ఎట్ల జేరినవో చెప్పు ఖాలా. నేను నడుమ అడ్డం రాను, ఇనుకుంట కూసుంట."

ఆ కాలం గురించి అడిగితే అజీమున్నీసాకు చెప్పడమే తప్ప ఆగడం రాదు.

ఎనభై ఒకటిలో సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. అప్పటికామె వజీర్‌కు కొత్త పెళ్లాం. ఇంట్లో బీడీలు చుట్టేది. చందూలాల్ సేట్‌ది చిన్న ప్రెస్సు: కాలితో తొక్కే మిషన్ ఒకటి, గూళ్ల నిండా సీసం అక్షరాలు, గోడకు వేలాడే పెళ్లిపత్రికల నమూనాలు. సేట్‌కు ఒక పిచ్చి ఉండేది. దళసరి రబ్బరు ముక్క మీద సన్న ఉలితో మనుషుల బొమ్మలు చెక్కేవాడు. ఎన్నికలొస్తే ఆ పిచ్చికి పని దొరికేది. అయితే మిషన్ మీద నలుపు ఒక్కటే పడుతుంది. రంగుల అచ్చు కావాలంటే నిజామాబాద్ పోవాలి, అక్కడ వారం ఆగాలి. ఒకరోజు సేట్ బీడీలు చుట్టే ఆడవాళ్ల అరుగు ముందు నిలబడి, ఆకు మీద కత్తెర ఎట్లా తిరుగుతుందో చాలాసేపు చూశాడు.

"సేటూ, బీడీ గావాల్నా, పెండ్లికి పిల్ల గావాల్నా? గట్ల నిలవడ్డవేంది?" అని అడిగింది రూప్లి.

రూప్లి పెద్ద కొడప్‌గల్ దిక్కు తండా మనిషి. అద్దాల రవిక, చేతుల నిండా తెల్లగాజులు, నోటికి మాత్రం తాళం లేదు. సేట్ సిగ్గుపడి, "గీత తప్పకుంట ఆకు కోసేటోల్లకు రంగేసుడు ఒక లెక్కనా అని చూస్తున్న" అన్నాడు. మరునాటికి ప్రెస్సు వెనక గదిలో చాప పరిచారు.

నలుగురు ఆడవాళ్లు, నాలుగు రంగులు. కాగితం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి గుండ్రంగా తిరిగేది. దవాఖాన వాళ్లు పారేసిన ఎక్స్‌రే రేకులు సేట్ తెచ్చి, కోటుకు ఒకటి, పంచెకు ఒకటి చొప్పున వాటిలో కిటికీల్లాగా కోసి ఇచ్చేవాడు. రేకును బొమ్మ మీద పెట్టి, గుడ్డముడిని రంగులో అద్ది, తట్టాలి. పొడిరంగుల్లో తుమ్మబంక కలిపేవాళ్లు. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి చిక్కబడేది. ఒకరి రంగు ఇంకొకరు ముట్టుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. పసుపు రూప్లిది. ఎరుపు అజీమున్నీసాది.

"ఎరుపుకు మాత్రం కొన్నిటికి రేకు ఉండదు బేటా. ముక్కు కొన, నాలుక, పెదాలు, అవి గింతంత ఉంటయి. రేకు ఏం పనిజేస్తది? చీపురుపుల్ల కొనకు దూది చుట్టి నేను చేత్తోనే పెట్టేదాన్ని. సేట్ గూడ చెప్పేటోడు గాదు, ఎంత పెట్టాల్నో. నీ ఇష్టం అనేటోడు."

ఆ "నీ ఇష్టం" అన్న మాట చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయింది. ఆ రోజుల్లో ఆమెకు అట్లా అన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

రంగులు ఆరాక సేట్ ఒక్కో కాగితాన్ని ప్రెస్సు ముందర తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీసేవాడు. సంతకొచ్చినవాళ్లు, బస్సు కోసం చూసేవాళ్లు గుంపు కట్టేవాళ్లు. చదువు వచ్చినవాడు అక్షరాలు చదివి ఊరుకునేవాడు. చదువు రానివాళ్లే బొమ్మను చదివేవాళ్లు. "గా ఎనక నిలవడ్డోడు ఎవడనుకుంటున్నవ్? బావమరిదే! చెయ్యి యాడ వెట్టిండో చూడు, సంచిల!" అని ఒకడు, "అరే, ముక్కు ఎట్ల ఎర్రగయిందో, కల్లుదుకాణం నుంచి నేరుగ వచ్చిండు" అని ఇంకొకడు. వెనకగది పరదా పక్కన నిలబడి అజీమున్నీసా వింటూ ఉండేది. గీత చందూలాల్‌దే. కానీ నవ్వు ఆ ముక్కు దగ్గరే మొదలయ్యేదని ఆమెకు తెలుసు.

"అక్కడ గూడ దుకాణం అద్దాల ఎనక అతికిచ్చేటోల్లంట. కొననోల్లు బయట నిలవడి నవ్వేటోల్లంట" అన్నాడు భానుప్రసాద్.

"కొననోల్లే ఎక్కువ నవ్వుతరు యాడైన" అంది ఆమె.

అజీమున్నీసా రూప్లి ముచ్చట ఒకటి చెప్పింది. ఒకసారి ఒక అభ్యర్థి పంచె కింద భాగానికి రూప్లి పచ్చగా పసుపు తట్టేసింది. తెల్లగా ఉండాల్సిన పంచె అట్లా ఎందుకైందని సేట్ నెత్తి పట్టుకుంటే, "ఓడిపోతనని ముందే తెల్సింది గద సేటూ ఆయనకు, గందుకే తడిసింది" అంది. సేట్ ఆ కాగితాలు అట్లాగే పంపించాడు. రూప్లి పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ మాట చెప్పి ఇద్దరూ చాలాసేపు నవ్వారు, రూప్లి ఆ పక్కనే కూర్చుని ఉన్నట్టుగా.

చందూలాల్‌కు ఒక నియమం ఉండేది. రెండు పక్షాల పనీ తీసుకునేవాడు. ఇద్దరినీ సమానంగా వెక్కిరించేవాడు. ఒకరి కాగితం తాడెక్కేదాకా ఇంకొకరి కంట పడనిచ్చేవాడు కాదు. పక్కూరి పోటీదార్లిద్దరూ ఒకే మధ్యాహ్నం ప్రెస్సుకొస్తే ఒకర్ని ముందు గదిలో, ఇంకొకర్ని పెరట్లో కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే కెటిల్ లోని చాయ్ పోసేవాడు. సేట్ దగ్గర మాట బయటికి పోదని చుట్టుపక్కల ఊళ్లన్నీ అనుకునేవి. ఎన్నికలొస్తే బీర్కూర్ నుంచి, కొడప్‌గల్ నుంచి మనుషులు ఇక్కడికే వచ్చేవాళ్లు.

"గంత నమ్మకం ఉండె బేటా ఆయన మీద" అంది అజీమున్నీసా.

భానుప్రసాద్ సంచిలోంచి ఇంకో రెండు కాగితాలు తీసి ఆమె ముందు పక్కపక్కన పరిచాడు. "ఇవి చూడు. గీ రెండు ఒక్కటే బొమ్మ. ఒక్కటే రేకు మీద అచ్చయినయి. ఇప్పుడు ఒకటి ఒక మ్యూజియంల ఉన్నది, ఇంకోటి ఇంకో దాంట్ల ఉన్నది. తేడా ఏమన్న కనవడుతుందా?"

గెలిచినవాడిని కుర్చీలో కూర్చోబెట్టి జనం భుజాల మీద ఊరేగిస్తున్నారు. కుర్చీ ఒక పక్కకు ఒరిగిపోయింది. అతని జుట్టుటోపీ గాల్లో ఎగిరిపోతోంది. మొదటి కాగితంలో అతని కోటు నీలం. రెండో దాంట్లో మట్టిరంగు.

"అప్పుడు గా దేశంల నీలం కోటు, లోపల లేత పసుపు చొక్కా అంటే ఒక పక్షం గుర్తు" అన్నాడు భానుప్రసాద్. "నీలం ఏస్తే గా పక్షపాయన అయితడు. మట్టిరంగేస్తే ఎవ్వడైనా కావొచ్చు. మరి ఒక్కటే బొమ్మకు రెండు తీర్ల ఎందుకేసిండ్రు? ఏమన్న మతలబు ఉన్నదా అని నాకు రెండు రోజులాయె నిద్ర సరిగ్గ పడుతలేదు."

"మతలబు ఏం లేదు. గిన్నెల నీలం అయిపోయి ఉంటది" అంది అజీమున్నీసా వెంటనే.

తర్వాత ఆ మట్టిరంగు కోటు మీద బొటనవేలు పెట్టి, నెమ్మదిగా రుద్దింది.

"లేకుంటే గామె గా మనిషిని ఎన్నడు చూసి ఉండదు" అంది.

భానుప్రసాద్ ఆమె ముఖంలోకి చూశాడు. సంచి అడుగు నుంచి ప్లాస్టిక్ కవరొకటి తీశాడు. "ఇది గూడ మాధురక్కనే ఇచ్చింది. సేట్ పెట్టెల దొరికిందంట. ఖాలా చేతిదేనా చూపియ్యుమన్నది. ఇంకేం జెప్పలే."

కవరులో మడతలు పడ్డ పాత కాగితం. ఎండుటాకు రంగులోకి తిరిగింది. అందులో తలపాగా చుట్టుకున్న బొజ్జమనిషి బర్రె పక్కన కూర్చుని పాలు పిండుకుంటున్నాడు. పిండిన పాలు పిండినట్టే నోట్లో పోసుకుంటున్నాడు. ఊరి జనం ఖాళీ చెంబులతో బర్రె తోక వైపు వరుసగా నిలబడ్డారు. కింద పెద్ద అక్షరాల్లో "పేడ మీకు, పాలు నాకు" అని ఉంది. మిగిలిన రంగులన్నీ వెలిసిపోయాయి. బొజ్జమనిషి పెదాల మీద మాత్రం ఎరుపు అట్లాగే ఉంది. పెదాల మూల నుంచి గడ్డం మీదికి సన్నటి ఎర్రచార.

అజీమున్నీసా ఆ చార మీద వేలు పెట్టింది. ఇది మాధురి పంపిన ప్రశ్న అని ఆమెకు అర్థమైంది. పది రోజుల కింద నోటితో అడిగింది, ఇప్పుడు కాగితంతో అడుగుతోంది.

"నా చేతిదే" అంది చివరికి. "గిదే బేటా. పటేల్ మర్వలేనన్న బొమ్మ గిదే. సేట్ తప్పు లేదు దీంట్ల. తప్పు నాది."

తొంభై అయిదు ఎన్నికలు. దేవిదాస్ పటేల్ సర్పంచ్‌గా నిలబడ్డాడు. ఆయనకు ఎదురు రైసుమిల్లు యజమాని. మిల్లాయన్ని వెక్కిరించే కాగితం కావాలని పటేల్ పురమాయించాడు. చందూలాల్ బర్రె బొమ్మ చెక్కాడు. తలపాగా ఇద్దరికీ ఉంది, బొజ్జా ఇద్దరికీ ఉంది. మిల్లాయన అని తెలియడానికి వేళ్లకు ఉంగరాలు చెక్కాడు. అయితే అవి బర్రె పొదుగు దగ్గర గీతల్లో కలిసిపోయాయి. అంతా రంగు కోసం వెనకగదికొచ్చింది.

"నేను గా ఇద్దరిని ఎన్నడు చూడలే. గడప దాటి ఊర్లు తిరిగేదాన్నా ఏంది? పెద్దమనిషి బొమ్మ గద అని పాన్ పెట్టిన. నాకు తెల్సిన పెద్దమనుషులందరు పాన్ తింటరు. మా అబ్బా పనిజేసిన దొర తినేటోడు, మా ఖాజీసాబ్ తినేటోడు. పెదాలు మంచిగ ఎర్రగ జేసి, ఇంక ముద్దుగుంటదని మూలకెళ్లి కారినట్టు గూడ పెట్టిన. అయిదు వందల కాగితాలు. ఒక్కదానికి గూడ చార మర్వలే. మస్తు ఖుషీగ పెట్టిన బేటా."

మిల్లాయన పాన్ ముట్టడు. పళ్లు మల్లెమొగ్గల్లాగా ఉంచుకునేవాడట. ఆ ఊళ్లో పొద్దున లేచింది మొదలు పాన్ నమిలేది ఒక్క దేవిదాస్ పటేలే. చొక్కా మీద ఎర్రచారలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.

రాత్రి రంగు ఆరగానే కట్టిన కట్టలు, సేట్ సరిగ్గా చూడకముందే, పొద్దుటి బస్సులో వెళ్లాయి. పటేల్ మనుషులే, కట్టు విప్పి సరిగ్గా చూడకుండా, ఇంటింటికీ పంచారు. మధ్యాహ్నానికి ఊరంతా నవ్వింది. "పటేల్ తన బొమ్మ తనే పంచుకుండు" అన్నారు. వారం తర్వాత తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు.

"ప్రెస్సు మీదికి వచ్చిండు, ఎనక పదిమంది. నేను పరదా ఎనకనే ఉన్న. కాగితం సేట్ మొఖాన కొట్టిండు. సేట్ దాన్ని ఎత్తి చూసిండు. పెదాల కాడ చూసిండు. ఒక్కసారి పరదా దిక్కు తిరిగిండు. ఇగ నా పని అయిపోయింది అనుకున్న."

"ఏమన్నడు?"

"నా చెయ్యి జారింది పటేలా, అన్నడు. పటేల్ ఏమన్నడో తెల్సా? జారిందా, జారవిడిశినవా? మిల్లోడు ఎంత ముట్టజెప్పిండు? అన్నడు. రంగు ఎవ్వరేసిండ్రు అని అడిగిండు. నేనే ఏసిన, అన్నడు సేట్. బేటా, గాయన వేళ్లకు నల్ల సిరా తప్ప ఇంకేం లేదు. నా గోళ్లు చూస్కుంటే ఎర్రగ ఉన్నయి. పటేల్ కోపంల సేట్ వేళ్లు చూడలే."

ఆ రోజు ఆమె పేరు బయటికొచ్చి ఉంటే ఏమయ్యేదో చందూలాల్‌కు తెలుసు. వజీర్ ఎడ్లబండి ఏటా పటేల్ చెరుకే తోలేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే ఆ నెలల సంపాదనే వాళ్ల ఇంటికి ఏడాది తిండి. అందరూ పోయాక సేట్ వెనకగదికొచ్చి, చాప మీద కూలబడి, "అజీమ్, నువ్వేసినవని ఎవ్వరికి జెప్పొద్దు. వజీర్‌కు గూడ జెప్పొద్దు. ఒట్టెయ్" అన్నాడు. ఆమె ఏడుస్తూ ఒట్టు వేసింది. వెళ్లబోతూ సేట్ ఆ కాగితాన్ని మళ్లీ ఒకసారి చూసి, ఉన్నట్టుండి నవ్వాడట. "ఎంత చెక్కినా పటేల్‌ను గిట్ల తేలేకపోదును. అచ్చం ఆయన లెక్కనే వచ్చిండు గద!" అన్నాడట.

అదే ఆఖరి నవ్వు. చందూలాల్ అమ్ముడుపోయాడన్న మాట బస్సుల్లో ఊరూరికీ పాకింది. ఆ తర్వాత ఎన్నికల పని ఏ ఊరి నుంచీ రాలేదు. తాడు విప్పేశారు. చాప చుట్టేశారు. రూప్లి తండాకు వెళ్లిపోయింది. అజీమున్నీసా మళ్లీ బీడీలకు కూర్చుంది. సేట్ పెళ్లిపత్రికలు అచ్చువేసుకుంటూ మిగతా కాలం గడిపాడు. ఉలి మళ్లీ పట్టినట్టు ఎవరూ చూడలేదు.

"వజీర్ ఉన్నన్ని రోజులు ఒట్టు అనుకున్న. ఆయన పోయినంక, ఇగ ఇప్పుడు జెప్పి ఏం ఫాయిదా అనుకున్న. సేట్ పోయిన రోజు జెప్పాల్నని పోయిన. ఇల్లంత మనుషులు, మాధురి ఏడుస్తుండె. కాళ్ల కాడ కూసోని వచ్చేసిన."

భానుప్రసాద్ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఓదార్చడం అతనికి పెద్దగా రాదు. "తొమ్మిది ఓట్లు ఖాలా. పెదాల రంగుకే పోయినయని ఎట్ల అంటవ్? మిల్లాయన బిర్యానీకి పోయి ఉండొచ్చు" అన్నాడు.

"పోయి ఉండొచ్చు. గా ఓట్ల ఫికర్ నాకు లేదు. నా మనసుల ముడివడ్డది ఒక్కటే, సేట్ అమ్ముడువోలేదు. గాయన జిందగీల ఒకని మాట ఇంకోనికి జెప్పలే. గిప్పుడు గా పోరి పెండ్లిల తినకుంట లేసి వచ్చింది నా మూలాన."

"మరి మాధురక్కకు ఎవ్వరు జెప్తరు?"

"మాధురికి నేనే జెప్పుత. గిప్పుడే పోత. నా నోటితోనే ఇనాలె ఆమె." లేవడానికి గోడ పట్టుకుంది. భానుప్రసాద్ చెయ్యి అందించాడు. కొంగు సర్దుకుని, కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి మళ్లీ అతని సంచిలోనే పెట్టింది.

"గిది నీ కాన్నే ఉండనీ. ఇంకో పని ఉన్నది నీకు."

"చెప్పు ఖాలా."

"రేపు పొద్దుగాల్ల బీర్కూర్ బస్సు ఎక్కు. అక్కడికెళ్లి పటేల్ ఊరికి ఆటోలు దొరుకుతయి. పగటాల్ల తిని పంటడంట, గంతకు ముందే పో."

"నువ్వు గూడ రారాదు? ఆటో మాట్లాడ్త."

"నేను వస్త. ముందు నువ్వు పోయి జెప్పు. నన్ను రమ్మంటడో, నా గడప తొక్కొద్దంటడో గదిగూడ అడుగు. చెవులు ఇనవడయి ఆయనకు, గట్టిగ జెప్పు. ఇంట్లోల్లందరు ఇనేటట్టు జెప్పు, పెండ్లిల అందరి ముందట అన్నడు గద. సేట్ అమ్ముడువోలేదు, రంగేసింది బీడీల అజీమున్నీసా, ఆమె అప్పటి దాక నిన్ను ఎన్నడు చూడలే అని జెప్పు. సేట్ పేరు ముందుగాల్ల చెప్పు, నా పేరు తర్వాత. తిడతడు. తిట్టనీ, నువ్వు మధ్యల సర్దిజెప్పకు. తిట్టినయన్ని యాది పెట్టుకొని వచ్చి నాకు జెప్పాలె బేటా, నా మొఖం చూసి ఒక్కటి గూడ మింగొద్దు."